ఫ్లోరోసిస్ చాటున మైలోమా: నల్గొండ నుంచి ఒక కేసు

రోగి 62 ఏళ్ల మహిళ. మర్రిగూడ వైపు ఒక పల్లె. పత్తి ఏరడానికి, కలుపు తీయడానికి కూలికి వెళ్లే మనిషి. బీపీ ఉంది, షుగర్ లేదు. నేను నల్గొండలో ఒక ఆస్పత్రి ల్యాబు, బ్లడ్ బ్యాంకు చూసుకునే పాథాలజిస్టుని. అందుకని నా దగ్గరికి ముందు వచ్చింది ఆమె కాదు, ఆమె రక్తం. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, రెండు యూనిట్లు కావాలి, గ్రూపింగ్, క్రాస్ మ్యాచింగ్ చేయండి అంటూ వార్డు నుంచి శాంపిల్ దిగింది. జబ్బు పేరు రాయాల్సిన చోట ‘రక్తహీనత, ఫ్లోరోసిస్’ అని ఉంది. ఫ్లోరోసిస్ అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే జబ్బు. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు ఇక్కడ మార్చి రాస్తున్నాను.

గ్రూపింగ్ దగ్గరే తేడా కొట్టింది. రోగి ఎర్రకణాలను పరీక్షించే ఫార్వర్డ్ గ్రూపింగ్‌లో బి పాజిటివ్ అని వచ్చింది. బి గ్రూపు మనిషి సీరంలో ‘ఏ’ కణాలకు వ్యతిరేకమైన యాంటీబాడీ మాత్రమే ఉండాలి కాబట్టి, రోగి సీరంలో గ్రూపు తెలిసిన కణాలు కలిపి చూసే రివర్స్ గ్రూపింగ్‌లో ‘ఏ’ కణాలు గుంపు కట్టాలి, మిగతావి విడిగా తేలాలి. ఇక్కడ ‘ఏ’ కణాలు సరే, ‘బి’ కణాలు కూడా గుంపు కట్టాయి. ఎవరి జోలికీ పోని ‘ఓ’ కణాలు కూడా గుంపు కట్టాయి. మా టెక్నీషియన్ ట్యూబులు వెలుతురుకు పట్టి ఊపి, "మేడం, దేంతో పెట్టినా క్లంపే వస్తోంది. శాంపిల్ మళ్లీ తీయించమంటారా?" అని అడిగాడు.

మళ్లీ తీసినా అదే వస్తుందని నాకు అనిపించింది. ఎందుకంటే పిపెట్‌లోంచి ఆ సీరం రాలుతున్న తీరే వేరుగా ఉంది. మామూలు సీరం చుక్క ఠక్కున తెగి పడుతుంది, ఇది కొస దగ్గర ఆగి సాగి పడుతోంది. ఒక చుక్క స్లైడు మీద వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాలు నాణేలు పేర్చినట్టు వరసలు వరసలుగా అతుక్కుని ఉన్నాయి. దీన్ని రూలో అంటాం. యాంటీబాడీ వల్ల వచ్చే గుంపు, అంటే నిజమైన అగ్లూటినేషన్‌లో కణాలు అడ్డదిడ్డంగా ముద్ద కడతాయి, రూలోలో వరస ఉంటుంది. తేల్చుకోవడం తేలిక: ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనున్న సీరం తీసేసి, అంతే సెలైన్ పోసి కలపాలి. అలా చేశాక ‘బి’, ‘ఓ’ కణాలు విడిపోయాయి. ‘ఏ’ కణాల గుంపు మాత్రం అలాగే నిలిచింది. అంటే గ్రూపు బి పాజిటివే. దాత రక్తం రోగికి సరిపోతుందా అని చూసే క్రాస్ మ్యాచ్‌లోనూ ఇదే కథ. సెలైన్ దశలో యూనిట్లు సరిపోనట్టు కనిపించాయి, కణాలు కడిగి, వాటికి అంటుకున్న యాంటీబాడీని పట్టుకునే యాంటీ హ్యూమన్ గ్లోబులిన్ దశకు వెళ్లేసరికి శుభ్రంగా సరిపోయాయి.

ఇక్కడితో బ్లడ్ బ్యాంకు పని అయిపోయినట్టే. రక్తం ఇవ్వొచ్చు. కానీ ఇంత రూలో ఎందుకు వచ్చిందన్నది మిగిలే ఉంది.

ఎర్రకణాల పైపొర మీద రుణావేశం ఉంటుంది. అందుకే మామూలుగా అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ దూరంగా ఉంటాయి. రక్తంలో ఫైబ్రినోజెన్, ఇమ్యునోగ్లోబులిన్ లాంటి పెద్ద ప్రోటీన్లు పెరిగితే ఆ నెట్టుడు తగ్గి కణాలు అతుక్కుంటాయి. అతుక్కున్న వరసలు బరువెక్కి ట్యూబులో త్వరగా కిందికి దిగుతాయి. ఈఎస్‌ఆర్ పెరగడమంటే ఇదే. ఈమె శాంపిల్‌తో వెస్టర్‌గ్రెన్ ట్యూబు పెట్టించాను. గంటలో 138 మిల్లీమీటర్లు దిగింది.

సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూద్దాం. హిమోగ్లోబిన్ 7.2 గ్రాములు. తెల్లకణాలు 5,200, ప్లేట్‌లెట్లు లక్షా 60 వేలు. ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు సైజు, 94. ఇనుము తక్కువైన రక్తహీనతలో కణం చిన్నదవుతుంది, ఎంసీవీ 80 కిందికి పడుతుంది. ఇక్కడ కణం సైజు నిక్షేపంగా ఉంది, లెక్క మాత్రమే తగ్గింది. స్లైడు మీద రక్తం పలచగా పరిచి రంగు వేసిన స్మియర్‌ను మైక్రోస్కోపు కింద పెట్టకముందే తెల్ల కాగితం మీద ఉంచి చూస్తే మిగతా స్లైడ్ల పక్కన నీలంగా కనిపించింది. ప్లాస్మాలో నిండా ఉన్న ప్రోటీన్ కూడా రంగు పీల్చుకోవడం వల్ల అలా అవుతుంది. ఇంత ప్రోటీన్ అంటే నా అనుమానం మైలోమా మీదికి పోయింది. యాంటీబాడీలు తయారు చేసే ప్లాస్మా కణాలకు వచ్చే క్యాన్సర్ అది. స్మియర్‌లో ఆ కణాల కోసం వెతికాను, కనిపించలేదు. మైలోమాలో చాలామందికి అవి రక్తంలోకి అంతగా రావు, ఎముక మజ్జలోనే ఉంటాయి. రక్తంలో 5 శాతం, అంతకుమించి కనిపిస్తే అది ప్లాస్మా సెల్ లుకేమియా, ఇంకా గడ్డు జబ్బు.

ఫిజీషియన్‌కు ఫోన్ చేసి విషయం చెప్పి, నేనూ వార్డుకు వెళ్లాను. పాథాలజిస్టులు వార్డుకు వెళ్లడం మా దగ్గర తక్కువ. వెళ్తే ఎంత లాభమో ఈ కేసులో తెలిసింది.

"నడుము నొప్పి ఎప్పటి నుంచి అమ్మా?"

"పోయిన వానకాలం కాన్నుంచి బిడ్డా. ఫ్లోరిన్ నీళ్లు తాగినోళ్లకు ఉండేదే గదా. మా ఆయనకూ ఉండె. గానీ ఇది గట్ల లేదు. బొక్కలల్ల పోట్లు లేస్తున్నయ్. పక్కకు మర్లితే పాణం పోతది."

మధ్యలో ఒకసారి బిందె ఎత్తుతుంటే నడుములో పటుక్కుమందట. అప్పటి నుంచి మంచం దిగాలంటే మనిషి సాయం కావాలి. మలబద్ధకం ఉంది. అన్నం సయించడం లేదు. కొడుకు ఇంకో మాట చెప్పాడు: "నీళ్లు మస్తు తాగుతది మేడం, రాత్రిళ్లు లేస్తనే ఉంటది. షుగరేమోనని చూపిచ్చినం. లేదన్నరు." షుగర్ లేకుండా దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం కలిసి వస్తే కాల్షియం చూడాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూదులు, షాపులో కొన్న నొప్పి గోలీలు నెలల తరబడి నడిచాయి. ఇనుము మాత్రలు కూడా వాడారు, ఎంసీవీ 94 ఉన్న మనిషికి వాటితో ఏం ఒరిగేది లేదు.

కొడుకు ఒక ప్లాస్టిక్ కవర్ ఇచ్చాడు. పాత రిపోర్టులన్నీ అందులో ఉన్నాయి. మన జిల్లాల్లో కేస్ షీటు అంటే ఆ కవరే. ఎనిమిది నెలల కిందటి కాగితంలో హిమోగ్లోబిన్ 10.4, ఈఎస్‌ఆర్ 92. నాలుగు నెలల కిందటిది ఇంకో ల్యాబుది: హిమోగ్లోబిన్ 9.1, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3, దాంతోపాటు ఒక ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ పరీక్ష. బిలిరుబిన్ మామూలు, ఎస్‌జీపీటీ మామూలు. లివర్ బాగానే ఉందని చెప్పి పంపేశారట. ఆ కాగితంలోనే చివరి వరసల్లో టోటల్ ప్రోటీన్ 9.8, ఆల్బుమిన్ 3.2, గ్లోబులిన్ 6.6, ఏ/జీ రేషియో 0.48 అని ఉంది. పక్కన ఎక్కువ, తక్కువ గుర్తులు కూడా ప్రింటర్ వేసింది. చూసినవాళ్లు లేరు.

ఎల్‌ఎఫ్‌టీలో ఈ వరసలు లివర్‌కు మాత్రమే సంబంధించినవి కావు. టోటల్ ప్రోటీన్‌లోంచి ఆల్బుమిన్ తీసేస్తే మిగిలేది గ్లోబులిన్. అది మామూలుగా 2 నుంచి 3.5 గ్రాముల మధ్య ఉంటుంది. 4 దాటితే ఎందుకని అడగాలి. 6.6 అంటే ఆ రోజే ఫోన్ చేయాల్సినంత. ల్యాబులు వట్టి అంకెలు అచ్చువేసి ఇవ్వడం, డాక్టర్లు పై రెండు వరసలు చూసి మడిచేయడం, రెండూ నాకు నచ్చని అలవాట్లే. రిపోర్టు కింద ఒక్క వాక్యం రాయడానికి పాథాలజిస్టుకు పట్టేది అర నిమిషం.

అందరూ దాన్ని ఫ్లోరిన్ అనుకోవడంలో మాత్రం ఆశ్చర్యం లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పట్టీలో బోరు నీళ్ల ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేముంది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పెరిగిన తరం ఇది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి స్థిరపడ్డ పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా 60 దాటిన వాళ్ల ఎముకల్లో చేరిందంతా పాత నీళ్ల తాలూకుదే. ఈమె పళ్ల మీద గోధుమ మచ్చలున్నాయి. మెడ పూర్తిగా తిరగదు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి సున్నం చేరింది, ఫ్లోరోసిస్‌కు అది పెద్ద ఆనవాలు. కాబట్టి ఆ పేరు పెట్టినవాళ్లు తప్పు చెప్పలేదు. ఫ్లోరోసిస్ నిజంగానే ఉంది. ఫ్లోరోసిస్ ఉంది కదా అని ఇంకేమీ ఉండదనుకున్నారు, చిక్కంతా అక్కడే.

రక్తపరీక్షల్లో ఈ రెండు జబ్బుల దారులు వేరు. ఫ్లోరోసిస్‌లో ఎముక కొత్తగా, గజిబిజిగా పేరుకుంటుంది. ఎముక కట్టే కణాలు పనిచేస్తున్నాయి కాబట్టి వాటి నుంచి వచ్చే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ తరచుగా పెరుగుతుంది, కాల్షియం మామూలుగానో కాస్త తక్కువగానో ఉంటుంది. మైలోమాలో ఎముకను తినే కణాలు రెచ్చిపోతాయి, కట్టే కణాలు అణగిపోతాయి. ఎముక కరిగి కాల్షియం రక్తంలోకి వస్తుంది గానీ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ సాధారణంగా పెరగదు. ఇంకో అవయవం నుంచి ఎముకకు పాకిన క్యాన్సర్లలో చాలావరకు ఇది పెరుగుతుంది, కాబట్టి అక్కడా తేడా తెలుస్తుంది. మైలోమాలో మామూలు బోన్ స్కాన్ కూడా తరచుగా మోసం చేసేది ఇందుకే: ఆ స్కాన్ పట్టుకునేది కొత్త ఎముక కడుతున్న చోట్లను. ఇక ఈఎస్‌ఆర్ 138, గ్లోబులిన్ 6.6, పడిపోతున్న హిమోగ్లోబిన్‌కు ఫ్లోరోసిస్ జవాబు కానే కాదు. వెన్ను టీబీ అనే ఇంకో అనుమానం ఉంటుంది, మన దగ్గర ఉండాలి కూడా. దానిలోనూ ఈఎస్‌ఆర్, గ్లోబులిన్ పెరుగుతాయి. ఆ ముడి విప్పేది ఎలక్ట్రోఫొరెసిస్ అనే పరీక్ష, దాని సంగతి కింద చెబుతాను.

ముందు, మా దగ్గర అదే రోజు అయ్యే పరీక్షలు చేశాం. కొత్తగా సూది గుచ్చే పని కూడా లేదు, వచ్చిన శాంపిలే సరిపోయింది. టోటల్ ప్రోటీన్ 11.4, ఆల్బుమిన్ 2.8, గ్లోబులిన్ 8.6. యూరియా 68, క్రియాటినిన్ 2.4. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 82, అంటే మామూలు. కాల్షియం 11.2. ఈ కాల్షియంను ఉన్నదున్నట్టు చదవకూడదు. రక్తంలో కాల్షియం కొంత ఆల్బుమిన్‌ను పట్టుకుని ఉంటుంది కాబట్టి, ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువుంటే ఆ తేడాను 0.8తో గుణించి కలపాలి. తేడా 1.2, కలపాల్సింది 0.96. అసలు కాల్షియం దాదాపు 12.2. ఒక్కోసారి మైలోమా ప్రోటీనే కాల్షియాన్ని పట్టుకుని అంకెను ఉత్తినే పెంచుతుంది, వీలున్న చోట అయోనైజ్డ్ కాల్షియం చూడడం మేలు. ఈమెకు దాహం, మలబద్ధకం ఉండనే ఉన్నాయి, అంకెను నమ్మడానికి అవి చాలు.

మూత్రం సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. డిప్‌స్టిక్ పెడితే ప్రోటీన్ ‘ట్రేస్’ అని చూపింది. మూత్ర పరీక్ష (సీయూఈ) రిపోర్టు అక్కడితో ఆగితే కిడ్నీలోంచి ప్రోటీన్ పోవడం లేదనే అనుకుంటాం. కానీ ఆ డిప్‌స్టిక్ గుర్తుపట్టేది ప్రధానంగా ఆల్బుమిన్‌ను. మైలోమాలో మూత్రంలోకి జారేవి లైట్ చైన్లు, అంటే యాంటీబాడీలోని చిన్న ముక్కలు. వాటిని అది చూడలేదు. అదే మూత్రం ఇంకో ట్యూబులో తీసుకుని సల్ఫోశాలిసిలిక్ యాసిడ్ కలిపాం. అది ఏ ప్రోటీన్‌నైనా విరగ్గొడుతుంది. చుక్కలు పడుతుండగానే ట్యూబు తెల్లగా చిక్కబడి, వెనక పెట్టిన అక్షరాలు కనపడకుండా పోయాయి. స్టిక్ ఖాళీ, యాసిడ్ నిండుగా: ఈ రెండింటి మధ్య తేడాయే లైట్ చైన్ల జాడ. ఖర్చు దాదాపు లేని పరీక్ష. చాలా ల్యాబుల్లో ఆ సీసా మూలన పడి ఉంటుంది. కథ ఎంత పాతదంటే, 1845లో లండన్‌లో డాక్టర్ విలియం మాక్‌ఇంటైర్ ఎముకల నొప్పులున్న ఒక రోగి మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్‌కు పంపారు. వేడి చేస్తే విరిగి, ఇంకా మరిగిస్తే కరిగి, చల్లారితే మళ్లీ విరిగే ఆ వింత ప్రోటీన్‌కు బెన్స్ జోన్స్ పేరే ఉండిపోయింది.

సాయంత్రానికి వార్డులో చికిత్స దారి మారింది. నొప్పి సూదులన్నీ ఆపేశారు. లైట్ చైన్లు కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టి అడ్డం పడుతుంటే డైక్లోఫెనాక్ లాంటి మందులు దానికి తోడై కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయి. కాల్షియం దించడానికి, కిడ్నీని కాపాడడానికి ముందు సెలైన్ ఎక్కించారు. రక్తం రెండు యూనిట్ల బదులు ఒకటే, అదీ నిదానంగా ఇచ్చారు. ఇంత ప్రోటీన్‌తో రక్తం ముందే చిక్కగా ఉంది, దానిమీద ఎర్రకణాలు ఒక్కసారిగా పెంచితే ఇంకా చిక్కబడుతుంది. రంగు మందు ఇచ్చి తీసే సీటీ వద్దని రాసుకున్నారు.

సీరం ఎలక్ట్రోఫొరెసిస్, ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్ పరీక్షలకు శాంపిల్ హైదరాబాద్ పంపాం. ఎలక్ట్రోఫొరెసిస్ ఖర్చు వందల్లో తేలిపోతుంది, ఫ్రీ లైట్ చైన్ వేలల్లో ఉంటుంది. కొడుకుతో అది ముందే చెప్పాం. "చెయ్యుండ్రి మేడం, ఇన్నొద్దులు సూదులకే పెట్టినం" అన్నాడు.

ఎలక్ట్రోఫొరెసిస్ అంటే సీరంలోని ప్రోటీన్లను కరెంటు కింద పరుగెత్తించి, ఏది ఎంత దూరం పోయిందో గీత గీయడం. ఆల్బుమిన్ ముందు పోతుంది, దాని వెనక ఆల్ఫా, బీటా, చివర గామా. ఇమ్యునోగ్లోబులిన్లు ఎక్కువగా ఉండేది గామాలోనే. టీబీ, లివర్ సిరోసిస్, హెచ్‌ఐవీ, కీళ్లవాతం లాంటి వాటిలో శరీరం రకరకాల యాంటీబాడీలు తయారు చేస్తుంది కాబట్టి గామా అంతా వెడల్పుగా ఉబ్బుతుంది. మైలోమాలో ఒకే ప్లాస్మా కణం సంతానం ఒకే ప్రోటీన్‌ను కుప్పతెప్పలుగా పోస్తుంది. అవన్నీ ఒకే చోట ఆగుతాయి, సన్నగా నిటారుగా ఒక మొన లేస్తుంది. దాన్నే ఎం-స్పైక్ అంటాం. ఈమె గీతలో ఆ మొన ఆల్బుమిన్ మొనను మించి ఉంది: 6.2 గ్రాములు. మిగతా గామా అడుగంటిపోయింది. ఐజీఏ, ఐజీఎం అనే యాంటీబాడీ రకాలు రెండూ మామూలు కంటే బాగా తక్కువ. ఇలాంటివాళ్లకు న్యుమోనియా త్వరగా పట్టుకోవడం అందుకే, పనికొచ్చే యాంటీబాడీలు ఉండవు.

ఇమ్యునోఫిక్సేషన్ ఆ ప్రోటీన్ జాతిని చెప్పింది: ఐజీజీ కప్పా. ఐజీజీ అన్నది యాంటీబాడీ రకం, కప్పా అన్నది దాని లైట్ చైన్ రకం. లైట్ చైన్లలో కప్పా, లాంబ్డా అని రెండు రకాలుంటాయి. మైలోమాలో సగం దాకా ఐజీజీ రకాలే. ఫ్రీ లైట్ చైన్లలో కప్పా లీటరుకు 1,480 మిల్లీగ్రాములు, లాంబ్డా 9.8. మామూలుగా కప్పా 3.3 నుంచి 19.4, లాంబ్డా 5.7 నుంచి 26.3, రెండింటి నిష్పత్తి 0.26 నుంచి 1.65 ఉండాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో రెండూ పేరుకుంటాయి కాబట్టి నిష్పత్తి 3.1 దాకా ఉన్నా సరే అంటారు. ఈమె నిష్పత్తి 151. ఇంకో చిన్న విషయం: క్రియాటినిన్ 2.4 ఉన్న మనిషిలో లాంబ్డా కూడా పెరిగి ఉండాలి. పెరగలేదంటే మంచి ప్లాస్మా కణాలను చెడ్డవి ఎంతగా నొక్కేశాయో అర్థమవుతుంది.

ఇన్ని ఉన్నా రక్తపరీక్షలతోనే మైలోమా అని సంతకం పెట్టలేం. అంతర్జాతీయ మైలోమా వర్కింగ్ గ్రూపు 2014లో సవరించిన ప్రమాణాల ప్రకారం, మజ్జలో ఒకే సంతతికి చెందిన ప్లాస్మా కణాలు 10 శాతమైనా ఉండాలి, లేదా బయాప్సీలో ప్లాస్మాసైటోమా, అంటే ప్లాస్మా కణాల గడ్డ తేలాలి. దానికి తోడు అవయవాలు దెబ్బతిన్న గుర్తు ఒక్కటైనా ఉండాలి: కాల్షియం 11 దాటడం, క్రియాటినిన్ 2 దాటడం, హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గడం, ఎముకలో తొలిచిన గుంటలు. ఇవేవీ ఇంకా రాకపోయినా మజ్జలో ప్లాస్మా కణాలు 60 శాతం చేరినా, లైట్ చైన్ల నిష్పత్తి 100 చేరినా, ఎంఆర్‌ఐలో ఒకటికి మించి మచ్చలున్నా చికిత్స మొదలుపెట్టాల్సిందే. నిష్పత్తిని అలా లెక్కలోకి తీసుకోవాలంటే పెరిగిన లైట్ చైన్ లీటరుకు 100 మిల్లీగ్రాములైనా ఉండాలి.

ఈమెను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆస్పత్రి హెమటాలజీ విభాగానికి పంపారు. తుంటి ఎముక వెనక భాగం నుంచి తీసిన మజ్జలో ప్లాస్మా కణాలు 48 శాతం. మొదటి నడుము పూస అణిగిపోయి ఉంది, బిందె ఎత్తినప్పటి ‘పటుక్కు’ అదే కావచ్చు. పుర్రె ఎక్స్‌రేలో గుండ్రటి గుంటలు. వెన్ను ఎక్స్‌రే మాత్రం ఇక్కడ తీసినప్పుడు తికమక పెట్టింది. ఫ్లోరోసిస్ వల్ల ఎముకలు తెల్లగా, దట్టంగా కనిపించాయి, గుంటలు వాటిలో కలిసిపోయాయి. తక్కువ మోతాదు రేడియేషన్‌తో ఒళ్లంతా తీసిన సీటీలో గానీ అవి బయటపడలేదు. ఫ్లోరోసిస్ పట్టీలో మామూలు ఎక్స్‌రే బాగుందని ఊరుకోకూడదని ఈ కేసు తర్వాత మా ఫిజీషియన్ తరచూ అంటుంటారు.

జబ్బు తీవ్రతను అంచనా వేసే బీటా-2 మైక్రోగ్లోబులిన్ 8.9 వచ్చింది. 5.5 చేరితే, మైలోమా స్టేజీలు చెప్పే ఐఎస్‌ఎస్ పద్ధతిలో మూడోది, అంటే చివరి స్టేజీ. కిడ్నీ సరిగా లేనప్పుడు కూడా ఇది పెరుగుతుంది కాబట్టి ఈ స్టేజీని చూసి కుటుంబాన్ని బెంబేలెత్తించడం నాకిష్టం లేదు. జబ్బు ఉధృతంగా ఉంటే పెరిగే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ మామూలుగా ఉంది, అది కాస్త ఊరట.

ఇక్కడొక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ కేసు బయటపడింది ఐజీజీ కుప్పలుగా ఉండబట్టి. ఇదే జబ్బు లైట్ చైన్ రకంగా వచ్చి ఉంటే కథ వేరేలా నడిచేది. మైలోమా రోగుల్లో ఆరింట ఒకరికి దాదాపుగా ఆ రకమే. కణాలు పూర్తి యాంటీబాడీ తయారు చేయవు, లైట్ చైన్లు మాత్రమే పోస్తాయి. అవి చిన్నవి కాబట్టి మూత్రంలోకి జారిపోతాయి, రక్తంలో నిలవవు. అప్పుడు రూలో పెద్దగా ఉండదు. ఈఎస్‌ఆర్ పెద్దగా పెరగకపోవచ్చు. టోటల్ ప్రోటీన్ మామూలుగా ఉంటుంది, గ్లోబులిన్ తక్కువ కూడా ఉండొచ్చు. ఎలక్ట్రోఫొరెసిస్ గీతలో మొన లేకుండా గామా చదునుగా కనిపించొచ్చు. రివర్స్ గ్రూపింగ్ సాఫీగా సాగేది, మేం రెండు యూనిట్ల రక్తం ఇచ్చి పంపేవాళ్లం. అందుకే కారణం తెలియని రక్తహీనత, పెరుగుతున్న క్రియాటినిన్, నడుము నొప్పి కలిసి ఉన్న 50 దాటిన మనిషికి ఎలక్ట్రోఫొరెసిస్ ఒక్కటే చేసి ‘ఏమీ లేదు’ అని రాయకూడదు. దానితో పాటు ఫ్రీ లైట్ చైన్లు చేస్తే తప్పిపోయేవి చాలా తక్కువ. అతి కొద్దిమందిలో రెండూ ఏమీ చూపవు, వాళ్లకు మజ్జ పరీక్షే దిక్కు. గ్లోబులిన్ మరీ తక్కువగా ఉన్న ఎల్‌ఎఫ్‌టీని కూడా ఇప్పుడు నేను ఎక్కువున్నంత శ్రద్ధగా చూస్తాను.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. చిన్న ఎం-స్పైక్ కనిపించిన ప్రతి ఒక్కరికీ మైలోమా కాదు. 50 దాటినవాళ్లలో నూటికి ముగ్గురిలో అలాంటి మొన ఉంటుందని అమెరికా అధ్యయనాల్లో తేలింది. 3 గ్రాముల లోపు ఉండి, మజ్జలో ప్లాస్మా కణాలు 10 శాతం లోపు ఉండి, అవయవాలకు నష్టం లేకపోతే దాన్ని ఎంగస్ అంటాం. అది జబ్బుగా మారేది ఏడాదికి నూటికి ఒకరిలో. వాళ్లకు కీమో వద్దు, టెన్షన్ వద్దు, అప్పుడప్పుడు పరీక్ష చాలు. మాస్టర్ హెల్త్ చెకప్‌లో ఎలక్ట్రోఫొరెసిస్ కూడా పెట్టి అందరికీ చేయాలనడం నేను ఒప్పుకోను. అనుమానం ఉన్నచోట చేయాలి, అనుమానం రావడానికి సీబీపీ, ఈఎస్‌ఆర్, ప్రోటీన్, కాల్షియం, క్రియాటినిన్ సరిపోతాయి. అవి ఏ మండల కేంద్రంలోనైనా అవుతాయి.

చికిత్స ఆరోగ్యశ్రీ కార్డు మీద మొదలైంది. కిడ్నీ సంగతి చూసి బోర్టెజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్ ఇచ్చారు. బోర్టెజోమిబ్ మోతాదును కిడ్నీ కోసం తగ్గించాల్సిన పని లేదు, లైట్ చైన్లను త్వరగా దించుతుంది. ఎముకలకు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ విషయంలో క్రియాటినిన్ దిగేదాకా ఆగారు. పళ్లు ముందే పాడై ఉన్నాయి కాబట్టి దంత వైద్యులు చూశాకే మొదలుపెట్టారు. ఆ మందు మీద ఉండగా పన్ను పీకితే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది.

ఆమె హైదరాబాద్ వెళ్లేముందు బ్లడ్ బ్యాంకు తరఫున మేం ఒక పని చేసి పంపాం. ఆమె గ్రూపు, యాంటీబాడీ స్క్రీనింగ్ ఫలితం, రూలో వల్ల వచ్చిన తికమక అన్నీ ఒక కార్డు మీద రాసి కొడుక్కి ఇచ్చాం. మైలోమాకు వాడే డరాటుముమాబ్ అనే మందు ఎర్రకణాలకు కూడా కొంచెం అంటుకుంటుంది, అది మొదలుపెట్టాక యాంటీబాడీ స్క్రీనింగ్, క్రాస్ మ్యాచ్ అన్నింటితోనూ పాజిటివ్ వస్తుంది. మందుకు ముందటి రిపోర్టు చేతిలో ఉంటే అప్పటి బ్లడ్ బ్యాంకు వాళ్లు చేతులెత్తేయాల్సిన పని ఉండదు. ఈమెకు ఆ మందు ఇంకా అవసరం పడలేదు.

నాలుగు సైకిళ్ల తర్వాత ఎం-స్పైక్ 6.2 నుంచి 1.1కి దిగింది. 80 శాతానికి పైగా తగ్గినట్టు. లెక్క ప్రకారం ఇది పార్షియల్ రెస్పాన్స్, అంటే పాక్షికంగా తగ్గడం, 90 శాతం తగ్గితే ‘వెరీ గుడ్’ అంటారు. కాల్షియం మామూలైంది. క్రియాటినిన్ 1.5, హిమోగ్లోబిన్ 10.1, మళ్లీ రక్తం ఎక్కించలేదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంచెం పెరిగితే కొడుకు కంగారుపడి ఫోన్ చేశాడు. బోర్టెజోమిబ్ ఎముక కట్టే కణాలను లేపుతుంది కాబట్టి మొదట్లో అలా పెరగడం మామూలేనని చెప్పాను. ఎముకల్లో పోట్లు పోయాయి. మెడ, నడుము బిగుసుకుపోయి ఉండడం మాత్రం అలాగే ఉంది, అది ఫ్లోరోసిస్ తాలూకుది, కీమోతో పోదు. ఆ తేడా ఆమెకు స్పష్టంగా తెలుసు. "అది వేరే నొప్పి, ఇది వేరే నొప్పి" అంటుంది.

ప్రతి నెలా ఈఎస్‌ఆర్ చేయించాలా అని కొడుకు అడిగాడు. అక్కర్లేదు. జబ్బు తగ్గుతోందా లేదా అన్నది ఎం-స్పైక్, ఫ్రీ లైట్ చైన్లు చెబుతాయి, మందులు ఒంటికి పడుతున్నాయా అన్నది సీబీపీ, క్రియాటినిన్, కాల్షియం చెబుతాయి. ఎలక్ట్రోఫొరెసిస్, లైట్ చైన్లు మాత్రం ప్రతిసారీ అదే ల్యాబులో చేయించమన్నాం. మెషీన్, కిట్ మారితే లైట్ చైన్ల అంకె మారుతుంది, అది జబ్బు పెరిగిందో లేదో తెలియకుండా చేస్తుంది.